కార్డు వచ్చిందా?

తలుపు గంట మోగింది.

విల్మర్ గొలుసు తీయకుండానే తలుపు ఓరగా తెరిచాడు.

బయట అన్సెల్మో. అదే గోధుమరంగు కోటు, చంకలో అదే రొట్టెల సంచి.

"కార్డు వచ్చిందా బాబూ?"

"ఇంకా లేదు."

"అరెరె. ఎందుకు అడుగుతున్నానంటే..."

"వస్తే మేమే చెప్తాంలే పెద్దాయనా. పొయ్యి మీద కూర మాడుతోంది."

తలుపు మూసేశాడు.

పొయ్యి మీద ఏమీ లేదు. కార్డు మాత్రం వచ్చి నెల దాటింది. విల్మర్ చొక్కా జేబులోనే ఉంది. స్నానానికి వెళ్తే సబ్బు పక్కన పెట్టుకుంటున్నాడు.

"ఎందుకా అబద్ధం?" అంది యహైరా లోపల్నుంచి. "మన పెళ్ళికి సాక్షి ఆయన."

"అందుకే చెప్పాను. ఎవడైనా రెండు రైళ్ళు మారి ఊరికే వస్తాడా?"

యహైరా ఇక్కడ పుట్టిన పిల్ల. విల్మర్ అంబాతో అనే పరాయిదేశపు ఊరి నుంచి వచ్చి, వీసా గడువు దాటిపోయినా క్వీన్స్‌లో ఇళ్ళ పైకప్పులు వేసుకుంటూ ఉండిపోయినవాడు. ఇష్టపడే పెళ్ళి చేసుకున్నారు. ఆ ఇష్టాన్ని ఆఫీసరు నమ్మితేనే గ్రీన్ కార్డు. అది లేకుండా దేశం దాటితే మళ్ళీ రానివ్వరు. అన్న పోయినప్పుడు కూడా విల్మర్ వెళ్ళలేకపోయాడు. ఫోన్‌లోనే శవపేటిక చూశాడు.

పెళ్ళిరోజున సాక్షి దగ్గర తిరకాసు వచ్చింది.

సాక్షిగా రావలసిన యహైరా అక్క రైల్లో ఇరుక్కుపోయింది. "సాక్షి లేకపోతే మీ నంబరు పోయినట్టే" అంది పెళ్ళిళ్ళ ఆఫీసు కిటికీలో ఆవిడ. అలాంటప్పుడు అక్కడ అందరూ చేసేదే విల్మర్ కూడా చేశాడు. నడవాలో కనబడ్డవాడి చెయ్యి పట్టుకున్నాడు.

కనబడ్డవాడు అన్సెల్మో. తెల్లపూల గుత్తి పట్టుకుని గోడవారన నిలబడి ఉన్నాడు. పూలమ్ముకునేవాడే అనుకున్నాడు విల్మర్. ఆ గుమ్మంలో వాళ్ళు మామూలే.

"ఒక్క సంతకం పెద్దాయనా. పుణ్యముంటుంది."

"సంతకానికేం భాగ్యం, పద." యహైరా ఖాళీ చేతులు చూసి ఆగాడు. పూలు ఆమె చేతిలో పెట్టాడు. "పెళ్ళికూతురు ఒట్టి చేతులతో నిలబడకూడదమ్మా."

పెళ్ళయింది.

"మీరిద్దరూ కాసేపు ఉండగలిగితే..." అన్నాడు అన్సెల్మో.

విల్మర్ ఒక నోటు తీసి ఆయన కోటు జేబులో కుక్కాడు. "పూలకి. వస్తాం, ఆకలి చంపేస్తోంది."

మెట్ల దగ్గర యహైరాయే వెనక్కి తిరిగి, కార్డు వచ్చాక కేకు తినడానికి రమ్మని ఇంటి గుర్తులు చెప్పింది.

కార్డు రాకముందు నుంచే ఆయన రావడం మొదలుపెట్టాడు.

"నాతో పనిచేసే లౌతారో ఏం చెప్పాడో విన్నావుగా?" అన్నాడు విల్మర్. "వాళ్ళ బావమరిదికి సాక్షి సంతకం పెట్టినవాడు తర్వాత గుమ్మంలో కూర్చున్నాడట. డబ్బిస్తావా, దొంగపెళ్ళని చెప్పేదా అని."

"లౌతారో బావమరిది మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. వాడిది దొంగపెళ్ళే!"

"మనకిచ్చింది రెండేళ్ళ కార్డు. మళ్ళీ తిరగేసి చూస్తారు. నోరు మూసుకుని ఉండు."

భయపడ్డవాడికి మర్యాద గుర్తుండదు. గుర్తున్నా ఖర్చనిపిస్తుంది.

కొన్నాళ్ళకు మళ్ళీ గంట.

"వచ్చిందా బాబూ?"

"లేదన్నానుగా!"

అన్సెల్మో ముఖం తేటపడింది. "పోన్లే. నీకే రాలేదంటే ఇంక కంగారేముంది. నేను అనవసరంగా..."

తలుపు మూసుకుపోయింది.

"చూశావా?" అన్నాడు విల్మర్. "మనకి రాలేదంటే ఎంత సంబరమో! ముసలాడి కన్ను మంచిది కాదు."

ఈసారి యహైరా కూడా తలూపింది. తర్వాత చూస్తే గుమ్మంలో రొట్టెల సంచి ఉంది. లోపల జామపండు ముద్ద పెట్టిన రొట్టెలు, ఇంకా వేడిగా. విల్మర్ ఒకటి కొరికాడు. మింగడానికి నీళ్ళు కావలసి వచ్చాయి.

ఆ తర్వాత ఆయన రాలేదు.

"పీడ వదిలింది" అన్నాడు విల్మర్. కానీ గంట మోగినప్పుడల్లా యహైరా కంటే ముందు తనే లేచి వెళ్ళేవాడు. గొలుసు తీసి చూసేవాడు. వేరే ఎవరో ఉండేవాళ్ళు.

పోయినవాళ్ళ పండగ దగ్గరపడింది. ఈసారైనా అన్న సమాధి పక్కన కూర్చుని, ఆ పండక్కి కాచే ఊదారంగు జావ తాగాలి. విల్మర్ విమానం టికెట్ కొన్నాడు. పాస్‌పోర్టూ కార్డూ చేత్తో పట్టుకుని విమానాశ్రయంలో వరసలో నిలబడ్డాడు.

ముందు గోధుమరంగు కోటు.

అన్సెల్మో వెనక్కి తిరిగాడు. చూపు కార్డు మీద పడింది. ముఖం వెలిగిపోయింది.

"వచ్చిందా బాబూ!"

"వచ్చింది."

"ఎప్పుడు?"

విల్మర్ కార్డు జేబులో పెట్టుకున్నాడు.

"మొన్ననే. పోయినవారం."

"మంచిది. చాలా మంచిది." భుజం తట్టాడు. "మా కార్డు చేజారింది. నాకు పౌరసత్వం ఉంది, మా ఆవిడకి లేదు. ఇంటర్వ్యూకి పిలిచిన కబురు పోస్టులో ఎక్కడో తప్పిపోయింది. ఆఫీసుకెళ్ళి అడుగుదామనుకున్నా. మనం ఒకేసారి అర్జీ వేసినవాళ్ళం కదా, నీకే రాలేదంటే మాకూ టైముందిలే అని ఊరుకున్నా. పిలిస్తే రాలేదని ఫైలు మూసేశారు. ఆవిడని వెళ్ళిపొమ్మన్నారు. ఒక్కతినే ఎలా పంపను? నేనూ పోతున్నా."

"ఒకేసారా?" అన్నాడు విల్మర్.

తాడు కట్టిన పెట్టె మీద కూర్చున్న ఆడమనిషి తలెత్తి అతన్ని ఎగాదిగా చూసింది. నవ్వింది.

"ఆరోజు మన ముందు నంబరు వాళ్ళా? నా పెళ్ళిపూలు తీసి ఇచ్చేశావే, ఆ పిల్ల మొగుడు ఈ అబ్బాయేనా?"