ఎనిమిది అంతస్తులు

యూనిఫాం ప్యాంటు నడుము రెండోసారి బిగించి కుడుతుంటే ఆమెకు అనుమానం పుట్టింది.

"నెల రోజుల్లో ఇంత చిక్కిపోతారా ఎవరైనా? అన్నం మానేయమని మీకు చెప్పిందెవరు?"

"మీసాలోడు," అన్నాడు భర్త, ఉడికించిన గుడ్లూ కీరా ముక్కలూ ముందేసుకుని. "ఒళ్లు తేలికైతే మెట్లు గబగబా ఎక్కేయొచ్చట."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

భర్తా మీసాలోడూ ఇరవై ఏళ్లుగా ఒకే ఫైర్ స్టేషన్లో పనిచేస్తున్నారు. ఇప్పుడక్కడ దళనాయకుడి పోస్టు ఒక్కటి ఖాళీ అయింది. పోటీలో ఉన్నది వీళ్లిద్దరే. బరువైన నీళ్ల గొట్టం భుజాన వేసుకుని ఎనిమిది అంతస్తులు ఎవరు ముందు ఎక్కితే వాళ్లదే ఆ పోస్టు.

"మీతో పోటీపడేవాడు మీకు సలహా ఇచ్చాడా? మీరు నమ్మేశారా?"

"వాడు నా ప్రాణస్నేహితుడే!"

ఆమె మనసు ఊరుకోలేదు. మర్నాడు స్టేషన్‌కి వెళ్లి సాధన చూసింది. మూడో అంతస్తుకే భర్త కాళ్లు వణికాయి. కళ్లు తిరుగుతున్నాయంటూ మెట్ల మీద చతికిలబడ్డాడు.

భోజనాల వేళ అందరూ బల్ల చుట్టూ చేరి అన్నాలు కలుపుకుంటుంటే, మీసాలోడు మాత్రం తన డబ్బా పట్టుకుని ట్యాంకర్ వెనక్కి తప్పుకున్నాడు.

ఆమెకిక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఈయన కడుపు మాడ్చి, తను చాటుగా పీకలదాకా లాగిస్తున్నాడన్నమాట!

ఆ పూటే కుక్కర్ ఎక్కించింది. భర్త మొండికేస్తే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"తినండి. మీ స్నేహితుడికి మాత్రం చెప్పకండి, నా మీద ఒట్టే."

వారం తిరిగేసరికి భర్త మొహం తేటపడింది. కాళ్లలో సత్తువ వచ్చింది. పరీక్ష రోజు పొద్దున్నే జామ్ రాసిన బ్రెడ్డూ, రెండు అరటిపళ్లూ దగ్గరుండి తినిపించింది.

ఎనిమిదో అంతస్తు కిటికీలోంచి భర్త చెయ్యి ఊపాడు. కింద ఆమె చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టింది.

మీసాలోడు ఐదో అంతస్తులోనే పడిపోయాడు. నలుగురు మోసుకొచ్చి నీడలో పడుకోబెట్టారు. బాగా అయింది, అనుకుందామె.

భర్త పరుగున దిగొచ్చి అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు. మొహాన నీళ్లు చల్లాడు. మీసాలోడు మెల్లగా కళ్లు తెరిచి, నవ్వబోయాడు.

"నీతోపాటు నేనూ నెలకు పైగా మెతుకు ముట్టలేదు కదరా, మరి నువ్వెలా ఎక్కేశావు?"