వెనక బెంచీ భిన్నాభిప్రాయం

“హోంవర్క్ రాసిన టీచర్. గని నోటుబుక్కును మేక తిన్నది.”

వెనక బెంచీలోంచి శ్రీకాంత్ ఈ మాట అనగానే ఐదో తరగతి గదంతా కిసకిసలాడింది. కిటికీ అవతల నిలబడ్డ తల్లిదండ్రులు కూడా కొంగులు, తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రమ్య మాత్రం నవ్వలేదు. అమ్మనడిగి కట్టుకొచ్చిన చీర ఒక చేత్తో సర్దుకుంటోంది. రెండో చేతిలో చాక్‌పీస్ ఉంది. మూడో చెయ్యి ఉంటే నెత్తి పట్టుకునేదే. చీరైతే సర్దుకుంటోంది గానీ చిరాకే సర్దుకోవడం లేదు.

ఆ రోజు వరంగల్‌లోని ఆ ప్రాథమికోన్నత పాఠశాలలో చదువుల పండుగ. వరండా నిండా పిల్లలు గీసిన బొమ్మలు, కత్తిరించిన కాగితప్పూలు. తల్లులు ఇంటికింత చేసి తెచ్చిన సర్వపిండి రొట్టెలు బల్ల మీద ఘుమఘుమలాడుతున్నాయి. పిల్లలు ఏం నేర్చారో చూడ్డానికి వాడంతా కదిలొచ్చింది. రమ్య తండ్రి పోశయ్య కూడా వచ్చాడు. ఆయన ధాన్యం మార్కెట్‌లో హమాలీ. ఒక పూట పని మానుకుని వచ్చినందుకు ముఖం కూడా బస్తా అంత బరువుగా పెట్టుకుని, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

రమ్య గుబులంతా ఆయన గురించే. వచ్చే జూన్ నుంచి ఆమెను బడి మాన్పించి, హన్మకొండలో గాజుల దుకాణం నడుపుతున్న మేనత్తకు సాయంగా పంపాలని ఆయన పట్టు. పొద్దున బయల్దేరేటప్పుడు కూడా అదే మాట.

“ఇన్నేండ్లు బడికి పోయినవ్. ఏం ఒరిగింది బిడ్డా?”

రమ్య బతిమాలింది. ఈ ఒక్క పాఠం చూసి, ఆ తర్వాత ఏ మాటైనా చెప్పమంది. చూద్దాం అన్నాడు పోశయ్య. అంటే, ఈ పండుగ కాస్తా దండుగైతే జూన్‌లో గాజుల దుకాణమే.

అందుకే వారం రోజులు కూర్చుని భిన్నాల పాఠం సిద్ధం చేసుకుంది. తీరా చూస్తే గదిలో అందరిదీ ఒకే అభిప్రాయం, వెనక బెంచీది భిన్నాభిప్రాయం.

శ్రీకాంత్ గంట కొట్టిన పావుగంటకు వచ్చాడు. సైకిల్ పంచరైందన్నాడు. కూర్చున్న ఐదు నిమిషాలకే మంచినీళ్లన్నాడు. తాగొచ్చాక కడుపునొప్పన్నాడు. అది తగ్గాక ముందు బెంచీ పిల్లాడి చొక్కాకు కాగితం తోక అంటించాడు. ఏటేటా పిల్లలంతా పై తరగతికి పోతుంటే శ్రీకాంత్ మాత్రం ఈ గదినే పట్టుకుని ఉన్నాడు. ఇంకెవరినైనా అయితే రమ్య గద్దించేదే. ఇతణ్ణి గద్దించడానికి నోరు రావడం లేదు.

బోర్డు పై అంచు అందక, నడిమధ్యలోనే రెండు భిన్నాలు రాసింది. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అని అడిగింది. బోలెడు చేతులు లేచాయి. చెయ్యెత్తకుండానే శ్రీకాంత్ లేచాడు.

“ఎనిమిదో వంతే పెద్దది టీచర్. నాలుగు కంటె ఎనిమిది పెద్దది గద.”

కిటికీ దగ్గర పోశయ్య తలూపాడు. చెప్పింది నిజమే గదా అన్నట్టు పక్కాయన వైపు చూశాడు కూడా. రమ్యకు ఏడుపొక్కటే తక్కువైంది. లవం పైన, హారం కింద అని గీతలు గీసి చెప్పింది. శ్రీకాంత్‌కు లవలేశం కూడా ఎక్కలేదు. రెండోసారి చెబితే ఆవులించాడు. మూడోసారి చెబుతుంటే, గోడ మీది కాకి ఎటు పోయిందని అడిగాడు. బోధన కాస్తా రోదనయ్యేలా ఉంది.

హారం ఎక్కనివాడికి ఆహారమే మందు అనుకుంది రమ్య. వరండాలోకి పోయి ఒకే సైజు సర్వపిండ్లు రెండు తెచ్చింది. పిల్లలందరికీ చూపించి ఒకదాన్ని నాలుగు ముక్కలు, రెండోదాన్ని ఎనిమిది ముక్కలు చేసింది.

“శ్రీకాంత్, ఇప్పుడు చూసి చెప్పు. ఏ ముక్క తీసుకుంటవ్?”

“నాకు ఆకలైతలేదు టీచర్.”

గది గొల్లుమంది. రమ్య ఓపిక కూడా ఎనిమిది ముక్కలైంది. చాక్‌పీస్‌ను బల్ల మీద పెట్టి, చీర కుచ్చిళ్లు జారుతున్నా పట్టించుకోకుండా వెనక బెంచీ దాకా నడిచింది. అప్పటిదాకా రాని గొంతు ఇప్పుడొచ్చింది.

“బెంచి ఎక్కు. చెవులు పట్టుకో.”

గదిలో నవ్వులు టక్కున ఆగిపోయాయి. శ్రీకాంత్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. బెంచీ ఎక్కి, చెవులు పట్టుకుని, ఫ్యాను తగలకుండా తల వంచుకున్నాడు.

కిటికీ దగ్గర పోశయ్య కనిపించలేదు. వెళ్లిపోయాడనుకుంది రమ్య. ఇంతలో గుమ్మం బయట చెప్పులు విడిచి ఆయనే లోపలికొచ్చాడు. సర్వపిండి ముక్కలు రెండు రకాలవీ చెరో అరచేతిలో పెట్టుకుని, బస్తా బరువు అంచనా కట్టినట్టు కాసేపు చూశాడు.

“ఎనిమిది మంది పంచుకుంటె ముక్క చిన్నగైతది. నలుగురైతె పెద్దగొస్తది. ఈ వయసు దాంక నేను ఉల్టా అనుకున్న బిడ్డా. ఎవ్వలు చెప్పలే.”

“కరెక్ట్ నాయినా,” అంది రమ్య.

పిల్లలు చప్పట్లు కొట్టారు. పోశయ్య పెద్ద ముక్కను కూతురి చేతిలో పెట్టి, వెనక బెంచీ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

“హెడ్మాస్టర్ సారూ, ఈ ఒక్కనాటి పిలగాని ఏషం చాలు, ఇగ బెంచి దిగి మా రమ్యను ఆరో తరగతికి రాయుండ్రి.”