సాయవ్వ సున్నం గోడలు

పొగ వదలకుండా తన కరెంటూ నీళ్లూ తానే సమకూర్చుకోలేని ఏ పాత కట్టడాన్నైనా కూల్చేయాలని ఆ ఏడు నగరంలో చట్టం వచ్చింది. నూట యాభై ఏళ్ల కాన్పుల ఆసుపత్రికి బయటి కరెంటు తీసేసి, లోపల వేడి ముప్పై డిగ్రీలు దాటకూడదని వారం రోజులు పరీక్ష పెట్టారు.

పరీక్షకు ముందే ఇంజనీర్లు పైకప్పు మీద సోలార్ పలకలు పరిచారు, పెరట్లో వాననీటి తొట్టి కట్టారు. గోడలు మాత్రం మేస్త్రి సాయవ్వ చేతిలో పడ్డాయి. ఆమె సిమెంటు పూతంతా గీకించి, బెల్లం నీళ్లు కలిపి గానుగలో నూరిన డంగు సున్నం పూయించింది.

"గోడను ఊపిరి తీస్కోనియ్యిండ్రి సారూ" అంటే ఇంజనీర్లు నవ్వారు.

పరీక్ష ఏడో రోజు ఎండ నలభై తొమ్మిది డిగ్రీలు దాటింది. వార్డులోకి వచ్చిన అధికారి తన మీటరును రెండుసార్లు చూసుకున్నాడు. ఇరవై తొమ్మిది.

"ఏసీ ఎక్కడ దాచావమ్మా?" అని సాయవ్వను అడిగాడు.

"దాచుడేంది సారూ? గోడ మీద చెయ్యి వెట్టి సూడుండ్రి."

అతను అరచేయి ఆనించి చాలాసేపు తీయలేదు. పక్క మంచం మీద పొద్దున్నే కాన్పయిన బాలింత, బిడ్డను పొదువుకుని హాయిగా నిద్రపోతోంది. ఆసుపత్రిని కూల్చనక్కర్లేదని అధికారి సంతకం పెట్టగానే నర్సులు చప్పట్లు కొట్టారు.

"కూల్చే జాబితాలో ఇంకా నలభై కట్టడాలు ఉన్నాయి. వస్తావా?" అడిగాడతను.

సాయవ్వ కొంగు నడుముకు దోపింది.

"ముందుగాల సున్నం నానవెట్టిండ్రి. నేనొస్త."