ఉప్పంటని ఆకు

"ఉప్పు పెడుతున్నావు," అంది నర్సు స్టెఫా, పిల్ల వాచిన కాలి మీద వేలితో నొక్కి. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"దేవుడి తోడు, ఒక్క రవ్వ కూడా లేదు!" పిల్ల తల్లి ఓరీస్యా ఒట్టేసింది. "కిడ్నీల జబ్బు, ఉప్పు తగలకూడదని చెప్పి ఆసుపత్రి నుంచి పంపిన రోజే ఉప్పు డబ్బా పక్కింట్లో ఇచ్చేశాను. కావాలంటే వంటిల్లంతా వెతుక్కో."

స్టెఫా వెతకలేదు. పొయ్యి మీది బీట్‌రూట్ పులుసు బోర్ష్‌లో చెంచా ముంచి నాలిక్కి రాసుకుంది. మొహం చిట్లించింది.

"ఇదేమిటి మరి?"

"కాస్త ఆకు వేశానంతే. సోయకూర, పార్‌స్లీ. అది లేకపోతే సొలోమీకా చెంచా ముట్టదు."

"ఇంత మంచులో ఆకెక్కడిది?"

"ఎక్కడిదేమిటి? సీసాలోది. వేసవిలో నేనే..."

ఓరీస్యా మాట అక్కడే ఆగిపోయింది. వేసవిలో తనే తరిగింది. పిడికిళ్ళకొద్దీ ఉప్పు కలిపి, గాజు సీసాల్లో కుక్కి, నేలమాళిగలో దాచింది. ఆ ఊళ్లో అందరూ చేసేదే. ఫ్రీజరంటే కరెంటు ఖర్చు, సీసాకేం ఖర్చు? దాన్నెవరూ ఉప్పు అనరు. ఆకు అంటారు.

"నా చేత్తో నేనే..." అంటూ గోడకు జారగిలబడిపోయింది.

"ఏడుపు తర్వాత," అంది స్టెఫా కోటు తొడుక్కుంటూ. "ఇలాగే సాగితే పట్నం ఆసుపత్రి కూడా ఏమీ చెయ్యలేదు. ఉప్పు లేకుండా తినాలి. కానీ తినాలి. ఖాళీ కడుపున ఆ మందులు వెయ్యకూడదు."

ఓరీస్యా సీసాలో ఆకు తీసి కడిగింది. నీళ్ళు మార్చి మార్చి కడిగింది. నమిలి చూస్తే ఇంకా ఉప్పే. అప్పటికప్పుడు ఆకు లేకుండా మరో గిన్నెడు బోర్ష్ కాచి పెట్టింది.

"సబ్బు నీళ్ళు," అంది సొలోమీకా. గోడవైపు తిరిగి పెదాలు బిగించేసింది.

"అత్తయ్యా, పిల్లని చూస్తుండండి!" పొయ్యి పక్కన కునుకుతున్న అత్తగారు హాఫియాకి చెప్పి, శాలువా చుట్టుకుని ఓరీస్యా మంచులోకి పరుగెత్తింది.

"తెక్లా వదినా, ఎండబెట్టిన ఆకేమైనా ఉందా?"

"ఎండుగడ్డి మా ఆవు దగ్గరుంది. రెండు పరకలు అడిగి చూడు," అని నవ్వబోయి, తెక్లా ఆమె మొహం చూసి ఆ నవ్వు మింగేసింది. "మాదీ సీసాలోదే, తల్లీ."

తర్వాతింట్లోనూ సీసాలోదే. ఊరి చివరింటావిడైతే సీసా తెచ్చి చేతుల్లోనే పెట్టింది. "పట్టుకెళ్ళమ్మా, ఎంత పచ్చగా ఉందో చూడు! ఉప్పు బాగా పట్టింది." ఓరీస్యా ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు. దగ్గు లేదు, మూలుగు లేదు. 'పోయింది. నేను లేని సమయం చూసి పోయింది నా తల్లి.' తలుపు తొయ్యడానికి చేతులు రాలేదు. భుజంతో తోసింది.

సొలోమీకా మంచం మీద కూర్చుని గిన్నె అడుగు నాకుతోంది. ఇల్లంతా సోయకూర, పుదీనా వాసన.

"ఏం వేశారత్తయ్యా?" ఓరీస్యా అరిచింది. "సీసాలోదేనా? చంపేద్దామనుకున్నారా దాన్ని?"

"నోరు తర్వాత చేసుకుందువుగానీ, ముందు నాలిక పెట్టి చూడు."

చూసింది. ఉప్పు లేదు.

"ఎక్కడిదిది? ఊరంతా తిరిగొచ్చానే!"

"ఊరంతా అడిగావు, ఇంట్లో ముసల్దాన్ని అడిగావా?" హాఫియా ఒళ్లో కుట్లు విప్పిన చిన్న తెల్ల దిండు, సగం ఖాళీగా ఉంది. "చర్చిలో దీవెన పెట్టించి ఎండబెట్టుకున్న ఆకు. నా శవపేటికలో తల కింద పెడతారని దిండులో కూరి కుట్టుకున్నా. మళ్ళీ వేసవి వచ్చి ఆకు ఎండేదాకా ఇక నాకు చావడానికి వీల్లేదు."