గోడతాత

టప్!

గోడ మీద దెబ్బ పడింది. అమ్మాయి చదువుతున్న వాక్యం సగంలో ఆగిపోయింది.

"మళ్ళీ మొదలుపెట్టాడు!" అని పళ్ళు నూరింది.

ఇంట్లో అందరూ ఆమెను వాగుడుకాయ అనేవారు. చదువు కోసం పరాయి దేశం వచ్చాక ఆ వాగుడుకాయకు నోరు పెగల్లేదు. ఇక్కడి భాషలో గొంతు కాస్త లేస్తే ఒక అర్థం, దిగితే ఇంకో అర్థం. ఆమె మాట్లాడితే క్లాసంతా నవ్వేది.

నెలాఖరుకు నోటి పరీక్ష. తప్పితే సీటు పోతుంది, తిరుగు టపాలో ఇంటికే.

"పెట్టె పూర్తిగా విప్పకు. మళ్ళీ సర్దుకోవడం దండగ," అని వదిన ఫోన్‌లో ఆటపట్టించింది.

వాగుడుకాయ కూడా నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చింది.

ఆ సాయంత్రం నుంచి గదిలో పాఠం పైకి చదవడం మొదలుపెట్టింది. పక్క గది ముసలాయన గోడ కొట్టడం మొదలుపెట్టాడు.

గొంతు తగ్గించి చదివింది. ఇంకా గట్టిగా కొట్టాడు.

ఇంటావిడ దగ్గరకు పరిగెత్తింది. "ఆంటీ, ఆ గోడతాతతో వేగలేకపోతున్నా!"

"గోడ నాది, చెయ్యి ఆయనది. మధ్యలో నీకేం పోయింది? వెళ్ళి చదువుకో," అని ఆవిడ నవ్వేసింది.

మెట్ల దగ్గర ఎదురుపడితే, "బాగున్నారా తాతగారూ?" అని పలకరించింది. ఆయన నోరు విప్పలేదు. తలూపి వెళ్ళిపోయాడు.

ఎంత పొగరు!

వాగుడుకాయకు పౌరుషం వచ్చింది. మొండికి జగమొండి కావాలనుకుంది. దెబ్బ పడ్డచోటే మళ్ళీ చదివింది.

టప్!

గొంతు మార్చి చదివింది.

టప్!

ఇంకోలా చదివింది. గోడ ఊరుకుంది.

"చెయ్యి నొప్పెట్టినట్టుంది," అనుకుంటూ ముందుకు సాగింది.

రోజూ ఇదే యుద్ధం. పరీక్ష ముందురోజు పాఠమంతా చదివినా గోడ కిమ్మనలేదు.

"ఓడిపోయాడు!" అని మంచం మీద గంతేసింది.

మర్నాడు ఆమె మాట్లాడుతుంటే పరీక్ష పెట్టే పెద్దమనిషి కలం పక్కన పెట్టి విన్నాడు. నవ్విన క్లాసే చప్పట్లు కొట్టింది. అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి.

"ఇంత చక్కగా ఎవరమ్మా నేర్పింది?"

"ఎవరూ లేరు సార్. గదిలో కూర్చుని నేనే నేర్చుకున్నా."

వదినకు ఫోన్ చేసి, "పెట్టె అటకెక్కించేస్తున్నా!" అని అరిచింది. స్వీట్లు కొంది. ఎంతైనా ఓడినవాడు కదా, గోడతాతకు ఒకటి ఎక్కువే పెడదామనుకుంది.

పక్క గదికి తాళం వేసి ఉంది.

"పొద్దున కొడుకు వచ్చి తీసుకెళ్ళిపోయాడు," అంది ఇంటావిడ. "వెళ్తూ నీ తలుపు వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు."

"నాకా? ఎందుకు?"

"తప్పు పలికినప్పుడేగా గోడ కొట్టేవాడు! నిన్న ఒక్కటీ తప్పు పోలేదటగా?"

వాగుడుకాయకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే గర్వంగానూ అనిపించింది.

"ఆ ముక్క నోటితో చెప్పొచ్చుగా ఆంటీ?"

"తప్పులు పడుతున్నాడని తెలిస్తే బెదిరిపోయి నోరు విప్పవని కాగితం మీద రాసి చూపించాడు, నన్నూ చెప్పనివ్వలేదు. తను చెబుదామంటే గొంతుకు ఆపరేషన్ అయినప్పుడే మాట పోయింది. అంతకుముందు ఈ దేశానికి రోజూ రేడియోలో వార్తలు చదివింది ఆయనేనమ్మా."