ఇల్లు నేర్చుకుంది

"పదిహేడు డిగ్రీలకి పెడితే ఇంట్లో ఇరవై ఒకటి చూపిస్తోంది, చూడు!" అంటూ ఎకార్ట్ ఫోన్‌ని భార్య ముక్కుకి ఆనించినంత పని చేశాడు.

హైడ్రూన్ అల్లిక ఆపకుండానే ఓ చూపు చూసింది. "అబ్బో," అంది.

"అబ్బో కాదు. ఇల్లు నేర్చుకుంటోంది. మనం ఎప్పుడు లేస్తాం, ఎక్కడ కూర్చుంటాం, అన్నీ కనిపెడుతోంది. గ్యాస్ తక్కువ, వెచ్చదనం ఎక్కువ!"

"అయితే నీకంటే నయమే. పెళ్ళై ఇన్నేళ్ళయినా నువ్వు నా గురించి అంత నేర్చుకోలేదు."

ఎకార్ట్ జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్‌లో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి, పోయిన వేసవిలో రిటైరయ్యాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు కిటికీ పక్కన కుండీలో మొక్కలా కూర్చున్నాడు. మాట లేదు, నవ్వు లేదు. హైడ్రూన్ బెంగపెట్టుకుంది. అంతలో ఎవరో చెబితే ఈ నాబ్‌లు తెప్పించాడు. గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకి ఉన్న పాతవి ఊడదీసి, ఫోన్ మాట వినే ఈ కొత్తవి బిగించాడు. ఆ రోజుతో మనిషికి ప్రాణం లేచొచ్చింది. ఈల వేసుకుంటూ గది గదికీ తిరిగాడు.

హైడ్రూన్ ఒక్కటే షరతు పెట్టింది. "నాకు చలేసిందంటే మాత్రం అన్నీ ఊడబీకి చెత్తబుట్టలో పడేస్తా."

అక్టోబరులో చలి మొదలైన వారం నిజంగానే చలేసింది. ఆమె స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని తిరిగింది. ఎకార్ట్ గుండెల్లో రాయి పడింది. కానీ ఆ మరుసటి వారమే ఇల్లు వెచ్చబడింది. హైడ్రూన్ పొట్టి చేతుల చొక్కాలోకి వచ్చేసింది.

ఇక అతన్ని పట్టేవాళ్ళు లేరు. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళకి చెప్పాడు. పళ్ళ డాక్టరు నోట్లో పరికరం పెట్టాక కూడా చెప్పబోయాడు. చివరికి అతని కన్ను కింది అంతస్తు మీద పడింది. అక్కడ టేవెస్ గారు ఒక్కరే ఉంటారు. ఎనభై దాటాయి. ఆవిడ తలుపు తెరిస్తే చాలు, మెట్ల మీదికి గుప్పున వేడి కొడుతుంది.

"ఎంత వృథా! ఆవిడకీ ఇవే బిగిస్తాను," అన్నాడు.

"ఆవిడ జోలికి వెళ్ళకు," అంది హైడ్రూన్. చాలా గట్టిగా అంది.

"భూమి వేడెక్కిపోతోంది హైడ్రూన్!"

"భూమి సంగతి తర్వాత. పెద్దావిడ మోకాళ్ళ సంగతి చూడు ముందు."

జనవరిలో హైడ్రూన్ తన పాటల బృందంతో బ్రెమెన్ వెళ్ళింది. ఎకార్ట్ ఇదే అదనుగా స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందికి దిగాడు. టేవెస్ గారు వద్దన్నారు. మోకాళ్ళన్నారు. మళ్ళీ వద్దన్నారు. ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నారు. పాఠం మొదలుపెట్టిన మాస్టారిని ఎవరు ఆపగలరు? నాబ్‌లన్నీ బిగించి, పంతొమ్మిదికి పెట్టి, పైగా ఓ దుప్పటి కూడా బహూకరించి వచ్చాడు.

హైడ్రూన్ తిరిగి రాగానే గుమ్మంలోనే ఈ ఘనకార్యం చెప్పాడు. ఆమె కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. "అయ్యో ఎకార్ట్," అంది, అంతే.

నాలుగు రోజులు గడిచేసరికి ఇల్లు ఐసుపెట్టె అయింది. ఫోన్‌లో పాతిక పెట్టాడు. గొట్టాలు గుడగుడలాడాయి గానీ గది వేడెక్కలేదు. ఆ చప్పుడు ఈ చలికాలంలో వినడం అదే మొదటిసారని అతనికి తట్టలేదు.

"చలేస్తోందా?" అని భయం భయంగా అడిగాడు.

"లేదే! వెచ్చగానే ఉంది," అంది హైడ్రూన్, టీ కప్పుని రెండు చేతులా పట్టుకుని. పళ్ళు టకటకలాడుతుంటే ఆ మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఎకార్ట్ చెప్పుల్లేకుండా వంటింట్లోకి వెళ్ళాడు. కాలు పెట్టగానే నేల జిల్లుమంది. ఈ నేల నిన్నమొన్నటిదాకా గోరువెచ్చగా ఉండేది కదా అనుకున్నాడు. అప్పుడు వెలిగింది. ఇల్లు నేర్చుకున్నదేమీ లేదు. కింద టేవెస్ గారు చలి కాచుకుంటుంటే, పైన తను వెచ్చగా కూర్చుని ఊరందరికీ ఉపన్యాసాలిచ్చాడు. వేడి పైకి వెళ్తుందని ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద బాణాలు గీసి చెప్పిన మహానుభావుడు! తన క్లాసులో ఎవడైనా ఈ పని చేసుంటే ఆ ఏడాది పాసయ్యేవాడు కాదు.

సిగ్గుతో చచ్చిపోయాడు. సిగ్గుకంటే భయం ఎక్కువైంది. హైడ్రూన్‌కి తెలిస్తే నాబ్‌లు చెత్తబుట్టలోకి, తను మళ్ళీ కిటికీ పక్కకి. ఆమె మార్కెట్‌కి వెళ్ళేదాకా ఆగి, మెట్లు దిగి తలుపు తట్టాడు.

టేవెస్ గారు కోటు మీద అతనిచ్చిన దుప్పటి కప్పుకుని తలుపు తీశారు.

"అమ్మా, ఆ నాబ్‌లు తీసేస్తాను. మునుపటిలాగే ఇల్లు వెచ్చబెట్టుకోండి. మీ మోకాళ్ళ కోసం..."

"నా మోకాళ్ళ కోసమేనా?"

ఎకార్ట్ తల వంచుకున్నాడు. "మా కోసం కూడా. మీ ఇంటి వేడితోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. నేనొట్టి వెధవనని ఇవాళే తెలిసింది. మీకేం కావాలన్నా చేసిపెడతాను. ఒక్కటే, మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి."

టేవెస్ గారు తలుపు పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"అక్టోబరులో మీ ఆవిడ కూడా ఇదే గుమ్మంలో నిలబడి ఇదే అడిగింది నాయనా, 'మా కోసం ఇల్లు కాస్త ఎక్కువ వెచ్చబెట్టండి, మా ఆయనకి మాత్రం తెలియనివ్వకండి' అని."