నమూనా కాగితం

“ఆ పెట్టె ఇక్కడ పెట్టి వెళ్లు,” అంది హెడ్మిస్ట్రెస్, బల్ల మీద వేలితో కొట్టి చూపిస్తూ.

సర్వేకి వచ్చిన అమ్మాయి అట్టపెట్టెను గట్టిగా హత్తుకుంది. నలభై మంది ఆడపిల్లలు పేరు లేకుండా రాసి, మూతకున్న సందులోంచి వేసిన కాగితాలవి. ‘మా టీచర్లు చూడరు కదా అక్కా?’ అని ఒక పిల్ల గుసగుసగా అడిగితే, నా ప్రాణం పోయినా చూడనివ్వనని ఇప్పుడే మాటిచ్చి వచ్చింది.

“ఇవి ఎవరూ చూడకూడదు మేడమ్.”

“నా బడిలో ఏం అడిగావో నాకు తెలియొద్దూ?”

“ప్రశ్నలేగా, ఇదిగోండి,” అంటూ ఖాళీ నమూనా కాగితం ఇచ్చింది.

హెడ్మిస్ట్రెస్ చదివింది. ముఖం మాడిపోయింది.

“ఎవరైనా ముట్టుకున్నారా? ఎవరు? ఎవరికైనా చెప్పావా? ఛీ! ఇవా ప్రశ్నలు? లేనిపోనివి పిల్లల బుర్రల్లోకి ఎక్కించడానికా నువ్వొచ్చింది? మా దగ్గర ఇలాంటివి జరగవమ్మాయ్. మగపిల్లల క్లాసులో నీ సర్వే అయ్యేదాకా ఈ పెట్టె నా దగ్గరే ఉంటుంది. కాదంటావా, గేటు అటుంది.”

మింగలేక కక్కలేక పెట్టె అక్కడే వదిలింది. మగపిల్లల తరగతిలో ఆ గంటసేపూ ముళ్ల మీద నిలబడ్డట్టే ఉంది.

తిరిగొచ్చేసరికి గదికి లోపల గడియ. మూడుసార్లు కొడితేగాని తలుపు తెరుచుకోలేదు.

“చూశారా మేడమ్?” అంటూ పెట్టె దగ్గరికి ఉరికింది.

“నీ సొమ్ము నువ్వు తీసుకుపో,” అంది హెడ్మిస్ట్రెస్, కిటికీ వైపు తిరిగి.

“నా నమూనా కాగితం?”

“ఎక్కడో పడుంటుంది. ముందు నువ్వు నడు.”

ఆఫీసుకు వచ్చి చూస్తే మూత చుట్టూ అంటించిన టేపు, దాని మీద తన సంతకం చెక్కుచెదరలేదు. అయినా మనసు కుదుటపడలేదు. ఒక్కటి తగ్గినా అది రాసిన పిల్ల బతుకు బజారున పడ్డట్టే. మూత తీసి లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిది. నలభై. హమ్మయ్య అనుకుంది.

మూత మళ్లీ పెట్టబోతే, దాని సందులో లోపలివైపు ఇరుక్కుని ఇంకొకటి ఉంది. నాలుగు మడతలు.

ఎవరైనా ముట్టుకున్నారా అన్నచోట ‘అవును’. ఎవరు అన్నచోట ‘ట్యూషన్ మాస్టారు’. ఎవరికైనా చెప్పావా అన్నచోట ‘లేదు. ఇదే మొదటిసారి’.

ఆఖరి మడత విప్పింది. వయసు అన్నచోట ‘యాభై ఏడు’ అని ఉంది.